ఇప్పచెట్టు కింద కూరల ముచ్చట

నా చిన్నప్పుడు మణుగూరు పక్కనున్న మా కాలనీలోకి ఎండాకాలం ముక్కు దారినే వచ్చేది. పొద్దున దుప్పటి వదలనివ్వని చలి, మధ్యాహ్నానికి రేకుల కప్పు మీద అప్పడాలు కాల్చుకునేంత ఎండ, సాయంత్రం ఎటు వీయాలో తేల్చుకోలేక ఊరంతా తిరిగే గాలి. మోదుగలు ఎంత ఎర్రగా పూసినా వాటికి వాసన లేదు. వాసనంతా ఇప్పపువ్వుదే. గాలి అడవి వైపు నుంచి మళ్లిందంటే చాలు, పాకం పట్టిన బెల్లంలో ఎవరో ఎలుకను దాచినట్టు ఒక తీపి కంపు బొగ్గు దుమ్మును కూడా ఓడించి వంటింట్లో బైఠాయించేది. అన్నం కూడా అదే వాసన వస్తోందని మా నాన్న షిఫ్టు దిగి వచ్చి అమ్మతో తగువు పెట్టుకునేవాడు.

పక్కింటి అక్క అడవి పల్లెలో పుట్టిన మనిషి. గనిలో పనిచేసే ఆయనను పెళ్లాడి ఆ ఏడే మా కాలనీకి వచ్చింది. ఆ వాసన తగిలితే ఆమెకు కాలు ఇంట్లో నిలిచేది కాదు. రాలిన పువ్వును ఎండ ఎక్కకముందే ఏరాలి కనుక తెల్లవారగానే గంప పట్టుకుని బయలుదేరేది, నన్నూ వెంటబెట్టుకునేది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: దారి పొడవునా నోరు మూయకూడదు. "మనమొస్తున్నమని ఎరుకైతే అదే పక్కకు పోతది" అనేది. అదంటే ఎలుగుబంటి. దానికీ ఇప్పపువ్వంటే ప్రాణం. చూపు మందం కాబట్టి మనిషి మాట వినే తప్పుకుంటుంది.

మాట్లాడడం నాకు కష్టమైన పని కాదు. నిద్రలో కూడా రెండు వీధులకు వినపడేదాన్ని. కానీ ఒక రోజు నాలో దురాశ పుట్టింది. మా మాటలు ఆనవాలుగా పట్టుకుని వెనక వీధి పిల్లలు మా చెట్టు కిందికే చేరుతున్నారని, పువ్వంతా ఊడ్చుకుపోతున్నారని కడుపుమంట. అక్క కాలిలో ముల్లు తీసుకోవడానికి కూర్చోగానే నేను గంప ఎత్తుకుని, కింద నలిగిన ప్రతి ఆకుకూ మనసులోనే క్షమాపణ చెప్పుకుంటూ, చప్పుడు లేకుండా ముందుకు పోయాను.

చెట్టు కింద నేల కనపడడం లేదు, అంత పువ్వు. వంగి గుప్పెడు ఏరానో లేదో, తీపి వెనక ఇంకో వాసన వచ్చింది. తడిసిన గొంగడిని మూడేళ్లు మూటగట్టి అప్పుడే విప్పినట్టుంది. మాను అవతల ఎవరో పాయసం జుర్రుతున్న చప్పుడు. తలెత్తి చూశాను. బొగ్గు లారీ అంత ఎలుగుబంటి అంటే మా పిల్లలు నవ్వుతారు. సరే, లారీ ముందు భాగమంత. మా మధ్య పది అడుగులు లేవు. అది వెనక కాళ్ల మీద లేచి ముక్కు గాలిలోకి ఎత్తింది. నా కడుపులోంచి ఒక అరుపు బయలుదేరి గొంతు దాకా వచ్చింది.

అప్పుడు నా వెనక నుంచి అక్క గొంతు, ఏ తొందరా లేకుండా, పిట్టగోడ మీదుగా పలకరించినట్టు వినిపించింది.

"పిల్లా, మీ అమ్మ రాత్రి ఏం కూరొండింది?"

నేను ఎలుగుబంటి మీంచి చూపు తిప్పలేదు.

"నిన్నే అడుగుతున్న. చెప్పవేంది?"

"బెండకాయ పులుసు."

"గందుకే పొద్దుగాల మీ నాయిన మొకం గట్లున్నది. గంప ఆడనే ఇడ్సిపెట్టి, ఒక్కొక్క అడుగు ఎనకకు రా. ఉరుకకు. చింతపండు ఎంతేసింది?"

"నిమ్మకాయంత."

"అబద్ధం. మీ అమ్మ కొబ్బరికాయంత ఏస్తది."

అలా అడుగుకొక ప్రశ్న. మా అమ్మ వంట మీద అంత విచారణ మా నాయనమ్మ కూడా చేసి ఉండదు. ఎలుగుబంటి నిలబడి అంతా వింది. చివరికి నా వీపు అక్కకు తగిలింది. ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది. అంతలో ఎలుగుబంటి ముందుకాళ్లు నేలకు దించి మా వైపు ఒక అడుగు వేసింది. సరిగ్గా అప్పుడే కూరల ముచ్చట అయిపోయింది.

అక్క ఒక ఊపిరి తీసుకుంది. "మరి పెరుగున్నదా?" అంది, అదే గొంతుతో.

"లేదక్కా. పిల్లి తాగింది."

ఎలుగుబంటి బుస్సుమని గాలి వదిలింది. మా ఇంటి సంసారం తనకెందుకనుకుందో ఏమో, వెనుదిరిగి పొదల్లోకి వెళ్లిపోయింది.

కాలనీ చేరేదాకా అక్క మాట ఆపలేదు. మా ఇంట్లో అమ్మ చాయ్ గ్లాసు చేతికిస్తే మాత్రం అది నిలవలేదు, చాయంతా చీర మీద ఒలికిపోయింది. నన్ను తిట్టలేదు. "గొంతొక్కటే నా మాట ఇన్నది, కాళ్లు చేతులు ఇనలే" అంది. అయినా నేను ఆమెకు భయమంటే తెలియదని ఏళ్ల తరబడి ఊరంతా చెప్పుకు తిరిగాను, చెప్పిన ప్రతిసారీ ఎలుగుబంటికి ఒక మూర పెంచుతూ. అప్పుడామెకు పందొమ్మిదేళ్లేనన్న సంగతి నా కూతురికి ఆ వయసు వచ్చాక గానీ తట్టలేదు.

పోయినేడు మా ఆడబిడ్డ భర్తకు గుండె ఆపరేషన్ జరిగింది. లోపలికి తీసుకెళ్లి తలుపు మూశాక, బెంచీ మీద పక్కనే కూర్చున్న ఆమె వణుకు నా భుజానికి తెలుస్తోంది. ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. "వదినా, కొత్త కుట్టుమిషన్ మంచిగ నడుస్తున్నదా?" అని అడిగాను. ఆమె నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. కాసేపటికి, దారం ఊరికే తెగుతోందని చెప్పింది. ఎక్కడ తెగుతోందో, ఏ దారమో, ఎవరి జాకెట్టు పాడైందో అడుగుతూ పోయాను. తలుపు తెరుచుకునేదాకా నాలుగు గంటలు ఆ మిషన్ ఆగలేదు. చీర కుచ్చిళ్ల వెనక నా మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆమెకు అవి కనపడలేదు.