వెనక గుమ్మం దొర

స్కాట్లాండులో పుట్టిన రోజునే తన గుప్పిట్లో గోల్ఫ్ బంతి ఉందని మెక్‌ఫీ దొర చెప్పుకునేవాడు. మంత్రసాని బతికి లేదు కనుక కాదనేవాళ్లు లేరు. అక్కడ పదకొండు పోటీలాడి ఒక్కటి గెలిచాడు. ఆ రోజు తక్కినవాళ్లందరికీ విరేచనాలట. ఆ ఘనత చూపించి, 1924లో మలయా దేశపు కౌలా సెలంగోర్‌లో, రబ్బరు తోటదొరల క్లబ్బులో ఆట నేర్పే పనికి కుదిరాడు.

నేర్పేవాడు జీతగాడు; జీతగాడికి క్లబ్బు ముందు గుమ్మం లేదు. ఆయన టీ వెనక వసారాలోనే, గడ్డి కోసే మన తెలుగు కూలి ఆడవాళ్లకి నాలుగు బారల దూరంలో. ఆ దూరం తగ్గకుండా కుర్చీ తనే కొలిచి వేసుకునేవాడు. పేతురు గారు స్వర్గం తలుపు తీసి పిలిచినా, అలవాటుకొద్దీ వెనక గుమ్మం ఎటని అడిగే రకం.

బంతి పడాల్సిన గుంట చుట్టూ పచ్చికను ఆ కూలీల్లో దాలమ్మ జట్టు కొడవళ్లతో కోసేది. జట్టు ఎటు జరిగితే గడ్డి అటు వాలేది, బంతీ అటే జారేది. అందుకని మెక్‌ఫీ రోజూ తెల్లారుతూనే, ఎవరూ చూడకుండా, వచ్చీరాని తెలుగులో అడిగేవాడు.

"దాలమ్మా, ఏ పక్క?"

"కుడి పక్క దొరా. రోజూ అడుగుతావేటి లా!" అని మలయావాళ్ల 'లా' ఒకటి చివర తగిలించేది దాలమ్మ.

తోటదొరలు రాగానే కళ్లు మూసుకుని, "నేల నాతో మాట్లాడుతుంది," అనేవాడు.

"నేలంట! నాను మాటాడితే నేలంట!" అని దాలమ్మ తోటి కూలి కూర్మమ్మతో నవ్వేది.

1931లో సింగపూరు ఆటగాడొకడు వచ్చాడు. అతన్ని ఓడిస్తే ముందు గుమ్మంలోంచి తీసుకెళ్లి తమ బల్ల దగ్గర కూర్చోబెడతామని క్లబ్బు పెద్దలు మాటిచ్చారు. మెక్‌ఫీకి ఏడేళ్ల కోరిక! దొరసానుల కంట కూలీలు పడకూడదని జట్టును కంచె అవతలికి తోలించాడు. కొత్త కోటు హడావిడిలో, ఏ పక్కో అడగడం మరిచాడు.

చివరి గుంట దాకా ఇద్దరూ సమానం. మెక్‌ఫీ బంతి గుంటకు నాలుగడుగుల దూరంలో ఉంది; పడితే గెలుపే. నేల మాట్లాడలేదు. చెమటలు కక్కుతూ కంచె వైపు చూశాడు. దాలమ్మకి జాలేసింది.

"ఎడమకి లాగతాది దొరా, కుడికి కొట్టు!"

"ఓహో, మీ గురువుగారా?" అన్నాడు క్లబ్బు కార్యదర్శి. దొరసానులు పకపకా నవ్వారు.

"నాకు గురువులెవరూ లేరు," అని మెక్‌ఫీ పంతం కొద్దీ ఎడమకే కొట్టాడు. బంతి గుంటను పలకరించనైనా లేదు, మురుగుకాలవలో పడింది.

సింగపూరువాడు ముందు గుమ్మంలోంచి లోపలికెళ్లాడు. మెక్‌ఫీ వెనక వసారాలో, కొలవడం మరిచి, ఆడవాళ్ల పక్కనే కుర్చీలో కూలబడ్డాడు.

"దొర మన పక్కనే కూకున్నాడే!" అంది కూర్మమ్మ.

దాలమ్మ టీ గ్లాసు పట్టుకుని లేచి, నాలుగు బారలు కొలిచి, అవతల కూర్చుంది.