సంచిలో పడ్డ కారం

ఈ ఆవకాయ రోజులు దాటేదాకా మా వేదశ్రీకి ఊపిరి ఆడుతుందా? పక్క గోడ మీదుగా వచ్చే ఘాటుకు నాలుగేళ్ళ పిల్ల దగ్గి దగ్గి పెదాలు నీలం తిరుగుతుంటే, నాకు ఇంకో ఆలోచన ఉండేది కాదు.

ఆ గోడ అవతల కన్యకాపరమేశ్వరి గారి కారం మర. మేం తిరువూరులో అద్దెకు దిగేనాటికే భర్త చంద్రశేఖరం గారు పోయారు. బెల్టు బిగించడం నుంచి కారం జల్లించడం దాకా అన్నీ ఆవిడే. ముక్కుకు తడిగుడ్డ, ఎప్పుడూ ఎర్రబడ్డ కళ్ళు. ఎండాకాలపు గిరాకీయే ఆవిడకు ఏడాది తిండి.

నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. మా సందులో దగ్గులకూ ఆయాసాలకూ ఏటా పోసే డబ్బునూ, మరకు కారం దుమ్ము లాగే ఫ్యాను, ఆ దుమ్ము పడే గుడ్డసంచి పెట్టిస్తే అయ్యే ఖర్చునూ పోల్చి ఆవిడకు చెప్పాను. పెట్టిస్తేనే సందుకు మిగులు.

"లెక్క బానే ఉందమ్మాయ్. ఖర్చు మా ఇంట్లో, మిగులు మీ ఇళ్ళల్లోనా?" అని నవ్వింది.

"పాప కోసం, పిన్నిగారూ."

ఇంటి రేకులు మార్చడానికి దాచుకున్న డబ్బు తీసి ఫ్యానూ సంచీ బిగించేసింది.

ఘాటు తగ్గింది. వేదశ్రీ వాకిట్లో ఆడుకుంది. కానీ మరకొచ్చినవాళ్ళ కళ్ళు ఆ ఎర్రటి సంచి మీద పడ్డాయి.

"ఏంటండీ, మా కారం మీ సంచిలోకి పోతోంది? ఈ ఏడు మీ ఆవకాయకి కారం కొనక్కర్లేదేమో!" అంది, ఏటా అక్కడే పట్టించే గ్లోరి.

"ఇన్నాళ్ళూ గాలికి పోయిందేనమ్మా అది."

"గాలికి పోతే పోయింది. మీకు పోవడమేంటి?"

సంచి విప్పి చూపించినా లాభం లేకపోయింది. అందరి కారమూ అందులో కలిసిపోయింది, ఎవరిదని పంచుతుంది? గిరాకీ బస్టాండు వైపున్న ఇంకో మరకు మళ్ళింది. అక్కడ సంచీ లేదు, వీధంతా ఘాటే. మరుసటి వేసవికి ఆవిడ మర అమ్మేసింది. ఇప్పుడు ఓ కిరాణా కొట్లో పప్పులు పొట్లాలు కడుతోంది. మా పాపకు దగ్గు లేదు. ఆ మాట ఆవిడ ముందు ఎత్తలేను.

మొన్న కొట్టు దగ్గర, పాప బడి పక్క హోటల్లో కట్టెల పొయ్యి పొగ సంగతి చెప్పి, ఓనరుతో మాట్లాడతానన్నాను. ఆవిడ పొట్లం మీంచి తలెత్తలేదు.

"ముందు ఆయన దగ్గరకెళ్ళకు. రోజూ అక్కడ తినేవాళ్ళ దగ్గరకెళ్ళు. గ్యాసు పెడితే టిఫిను రేటు పెరుగుద్దని చెప్పు. పెరిగినా ఇక్కడే తింటామని వాళ్ళు ఒప్పుకున్నాకే ఆయన్ని అడుగు."

ఈ వారమంతా ఆ పనే చేస్తున్నాను. చాలామంది తల అడ్డంగా ఊపుతున్నారు. ఓనరు దగ్గరకు ఇంకా వెళ్ళలేదు.