లైటు తగ్గిందేమో చూడమన్నాడు మస్తాన్

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ అవుతుంటే ఫోన్ వచ్చింది. మస్తాన్ బావమరిది.

"అన్నా, బావ పోయాడు" అన్నాడు.

ఏ బావ అని అడిగాను. బుద్ధి లేకుండా రెండుసార్లు అడిగాను.

మా మస్తాన్. పర్చూరు బస్టాండ్ పక్కన సెల్ రిపేర్ షాపు మస్తాన్. ఒకటో క్లాసు నుంచి టెన్త్ దాకా నా పక్కన కూర్చున్నవాడు.

మొన్న సాయంత్రం ఐదున్నరకి ఇంకొల్లులో ఎవరికో ఫోన్ ఇచ్చి బైక్ మీద వస్తున్నాడు. రోడ్డు వారన పత్తి లోడుతో ఆగి ఉన్న ట్రాక్టర్‌ని వెనక నుంచి గుద్దేశాడు. తెల్లారేలోపు అయిపోయింది.

నిన్న సాయంత్రం వాడికి మట్టి ఇచ్చి వచ్చాను. ఆ ఇంట్లో అందరి ముందూ ఒక అబద్ధం చెప్పాను. అది సరిచేయడానికే ఈ పోస్ట్. ముందు వాడి గురించి నాలుగు మాటలు రాయనివ్వండి.

టచ్ ఫోన్లు మన ఊళ్ళల్లోకి వచ్చిన కొత్తల్లో వాడి దగ్గరికి ఎక్కువగా వచ్చే కంప్లైంట్ ఒకటే. "లైటు సరిగా రావట్లేదు."

మిగతా షాపుల వాళ్ళు చూసీ చూడకముందే డిస్‌ప్లే మార్చాలనేవాళ్ళు. మస్తాన్ మాత్రం ఫోన్ పట్టుకుని ఎండలోకి నడిచేవాడు. మళ్ళీ నీడలోకి వచ్చేవాడు. సెట్టింగ్స్‌లో బ్రైట్‌నెస్ ఎంతుందో చూసేవాడు. చార్జింగ్ మిగులుతుందని ఎవరైనా పవర్ సేవర్ ఆన్ చేసి మర్చిపోయారా అని వెతికేవాడు.

స్క్రూడ్రైవర్ తీసేది అన్నిటికంటే ఆఖర్న.

ఒకసారి నేను అక్కడే ఉన్నాను. మిరప రైతు ఒకావిడ కొత్త ఫోన్ పట్టుకుని వచ్చింది.

"కొని మూడ్రోజులు కాలా. చేలో అయితే అసలేం కనపట్టల్లా అయ్యా" అంది.

చూస్తే స్క్రీన్ పైభాగంలో పసుపు రాసి, నిండుగా కుంకుమ బొట్టు. కొత్త బండికి పెట్టినట్టే ఫోన్‌కీ పెట్టింది. ఆ మోడల్‌కి సరిగ్గా అక్కడే చిన్న సెన్సార్ ఉంటుంది. బయట వెలుతురు ఎంతుందో చూసి స్క్రీన్ లైటు పెంచడం, తగ్గించడం దాని పని. బొట్టు కింద ఉన్న దానికి పగలు కూడా రాత్రే.

నేను పకపకా నవ్వాను. మస్తాన్ టేబుల్ కింద నా కాలు తొక్కాడు.

వాడి చేతిలో గుడ్డ ఉంది. ఒక్క తుడుపు చాలు. కానీ వాడు తుడవలేదు.

"అమ్మా, మీ చేత్తో మీరే తీసి వెనకవైపు పెట్టుకోండి. లైటు అదే వచ్చిద్ది" అన్నాడు.

ఆవిడ పైటచెంగుతో తుడిచింది. స్క్రీన్ వెలిగింది. ఆవిడ అటు వెళ్ళగానే నాకు తిట్లు మొదలయ్యాయి. మాస్టారివి అయ్యుండి అట్లా నవ్వుతావేంట్రా అని.

ఇంకోటి. మా నాన్న సంగతి.

నాన్న తన ఫోన్ మసకబారిందని వాడి షాపుకి మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారి మస్తాన్ నాకు ఫోన్ చేశాడు.

"ఏరా, బాబాయ్ ఫోన్ బానే ఉంది. బ్రైట్‌నెస్ ఫుల్లు పెట్టినా మసకే అంటన్నాడు. ఫోన్ని కాదు, కళ్ళు చూపించాల. ఆలస్యం చేయమాక."

సెలవుల్లో చూద్దాంలే అన్నాను. వాడు నా మాట వినిపించుకోలేదు. మర్నాడే షాపు మూసి, నాన్నని బస్సెక్కించి నేనుండే ఒంగోలు తీసుకొచ్చాడు. రెండు కళ్ళకీ శుక్లాలు. ఆపరేషన్ అయింది. నాన్న ఇవాళ బైబిల్ తనంతట తను చదువుకుంటున్నాడంటే అది మస్తాన్ చలవే.

ఇప్పుడు నేను దాచిన మాట.

పోయిన ఎండాకాలం షాపుకి వెళ్తే తన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"ఏరా, దీని లైటు తగ్గిందేమో చూడు."

చూశాను. బ్రైట్‌నెస్ చివరి గీత దాకా ఉంది. నా కళ్ళు చికిలించుకోవాల్సి వచ్చింది.

తలెత్తి వాడి మొహంలోకి చూశాను. వాడికి అర్థమైపోయింది.

"షుగర్రా. పొద్దు వాలితే కళ్ళకి ఏం ఆనట్లా. షమీమ్‌తో అనమాక, కొట్టు మూయించిద్ది. కళ్ళు కనపడని మెకానిక్ దగ్గరికి ఎవడొస్తాడ్రా?"

షమీమ్ వాడి భార్య. డాక్టర్ దగ్గరికి పోదాం పదమన్నాను. తర్వాత చూద్దాంలే అన్నాడు.

సరేలే అన్నాను.

అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. స్నేహితుడి రహస్యం కాపాడుతున్నానని లోపల గొప్పగా కూడా ఉండేది.

నిన్న షమీమ్ నన్ను అడిగింది. "రోజూ తిరిగే రోడ్డే కదన్నా. అంత ట్రాక్టరు ఆయనకి ఎట్టా కనపడలేదు?"

చుట్టూ జనం. "చీకటి పడింది కదమ్మా" అన్నాను.

అబద్ధం. ఆ టైముకి ఇంకా వెలుతురుంది. నాకైతే కనపడేది. మీకైతే కనపడేది. వాడికి కనపడదని ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇవాళ మొదటి బస్సుకే వెళ్ళి షమీమ్‌కి అంతా చెప్పాను. నన్ను తిట్టమ్మా అన్నాను.

తిట్టలేదు. ఒక మాట అంది.

"నన్ను కూడా అడిగాడన్నా, లైటు తగ్గిందా చూడమని. వంటలో ఉన్నా. ఫోన్ వంక చూడకుండానే బానే ఉందిలే అన్నా."

ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.

మీ ఇళ్ళల్లో ఎవరైనా అలా అడిగితే దయచేసి ఫోన్ చేతిలోకి తీసుకుని చూడండి. తర్వాత వాళ్ళ మొహం కూడా చూడండి.

మస్తానూ, నీ మాట వినకుండా ఉండాల్సిందిరా. క్షమించు.

నీ అల్లా దగ్గర నీకు నెమ్మది దొరకాలని మా నాన్నా నేనూ ప్రార్థన చేస్తున్నాం. వెళ్ళిరారా.