ఉప్పలమ్మ అడిగిన నీళ్ళు

తెలుగులో వేడికి ఎన్ని పేర్లో. ఎండకు కాక, పొయ్యికి సెగ, వానకు ముందు ఉక్క, ఉడికే అన్నానికి ఆవిరి. మద్దేడ్‌కు నైరుతిగా అడవిలోకి చొరబడిన ఒక చిన్న ఊళ్ళో ఉప్పలమ్మ అనే కూలి మనిషికి నడివయసు దాటుతుండగా పట్టుకున్న వేడికి మాత్రం పేరు లేదు. ఆమెకు మూడు భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు, నాట్లలో దోర్ల ఆదివాసీల దోర్లి, అంగట్లో హిందీ. మూడింట్లో ఎక్కడా ఆ వేడిని పిలిచే మాట ఆమెకు దొరకలేదు. పేరు లేని బాధను పక్కవాళ్ళు తమకు తెలిసిన పేరుతో పిలుస్తారు. ఆమె విషయంలో అదే జరిగింది.

అవి బస్తర్ సంస్థానం రోజులు, భోపాలపట్నం జమీందారీ. ఎక్కడో సముద్రాల అవతల పెద్ద యుద్ధం జరుగుతోందని, అందుకే కిరసనాయిలు రావట్లేదని అంగట్లో చెప్పుకునేవాళ్ళు. ఉప్పలమ్మ ఇదంతా నాకు చెప్పేనాటికి పండు ముసలిది. ఆ వయసుకు ఆడవాళ్ళకు సిగ్గు రాలిపోతుంది. ఎవరైనా కూర్చుని వింటే చాలు, చెబుతారు.

ముట్లుడగడం ఆ ఊరికి కొత్త కాదు. ముట్టు ఆగిన ఆడది ఇక నెలనెలా బయట కూర్చోనక్కర్లేదు, పూజ కుండ ముట్టుకోవచ్చు, నలుగురిలో గొంతెత్తి మాట్లాడొచ్చు. అదొక హోదా. నేను చదివిన పాత వైద్య గ్రంథాలు కూడా ఫలానా వయసుకు ముట్టు ఆగుతుందని ఒక్క వాక్యం రాసి పక్కకు తప్పుకున్నాయి. ఆగిన తర్వాత ఆ ఒంట్లో ఏం జరుగుతుందో రాయాలంటే, ఆ రాసినవాళ్ళెవరికీ ఆ ఒళ్ళు లేదు.

ఉప్పలమ్మకు ఎలా ఉండేదంటే, రొమ్ముల కింద ఎక్కడో నిప్పు రాజుకున్నట్టు మొదలై, మెడ మీదికి పాకి, చెవులు కాలి, నెత్తి కుదుళ్ళలోంచి చెమట ధారకట్టేది. గుండె దడదడలాడేది. కాసేపటికి అంతా చల్లబడి వణుకు పుట్టేది. రాత్రిళ్ళు ఇంకా ఘోరం. పొద్దున లేచేసరికి చాప మీద మనిషి ఆకారంలో తడి. మొగుడు అప్పయ్య, “ఏందే, వాగులో పన్నవా?” అని నవ్వేవాడు. నిద్ర లేక ఆమె కళ్ళు లోపలికి పోయాయి. ఉత్త పుణ్యానికి ఏడుపు వచ్చేది.

ఆ ఎండాకాలం ఇంద్రావతి అవతలి ఊళ్ళలో ముత్యాలమ్మ పోసిందని కబురు వచ్చింది. మశూచి అని పుస్తకాల్లో రాస్తాం. ఆ పేరు అక్కడ ఎవరూ పలకరు. తల్లి వచ్చిందంటారు. వచ్చిందంటే ఇంటికి చుట్టం వచ్చినట్టే, మర్యాద చేసి సాగనంపాలి.

ఒకరోజు మధ్యాహ్నం ఉప్పలమ్మ వాకిట్లో చేట పట్టుకుని నూకలు చెరుగుతోంది. వేడి లేచింది. చేట విసిరికొట్టి, పక్కనున్న కడవెత్తి చీరమీదే నెత్తిన గుమ్మరించుకుంది. అత్త వెంకమ్మ అరుగు మీది నుంచి దిగి వచ్చింది, తిట్టడానికే.

“తాగే నీళ్ళు కాదే అవి? ఏం పుట్టింది నీకు?” అంటూ దగ్గరికొచ్చి ఆగిపోయింది. “ఏందే ఆ మెడ?”

ఉప్పలమ్మ మెడ నుంచి రొమ్ము దాకా ఎర్రగా మచ్చలు మచ్చలుగా కందిపోయి ఉంది.

“ఏమో అత్తా. ఒళ్ళంతా మండుతాంది.”

వెంకమ్మ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. “తల్లీ! మా ఇంటికొచ్చినవా?”

వెంకమ్మకు ముట్టు ఆగిన రోజుల్లో అలాంటి మంట ఏదీ రాలేదట. కొందరికి రాదు. అందువల్ల ఆమెకు తెలిసిన మంట ఒక్కటే. కోడలు కాపురానికొచ్చిన నాటి నుంచి ‘ఏమే’, ‘ఒసే’ తప్ప పలకని నోరు ఆ పూట నుంచి ‘అమ్మా’, ‘తల్లీ’ అనడం మొదలుపెట్టింది. గడపకు వేపమండలు వేలాడాయి. ఇంట్లో తాలింపు ఆగింది. అప్పయ్య గడ్డం గీసుకోవడం మానేసి పశువుల కొట్టంలో పడుకున్నాడు. ఇరుగుపొరుగు ఆ వాకిలి తొక్కలేదు.

తల్లి పైకి పోస్తే, అంటే పొక్కులు ఒంటిమీదికి తేలితే మంచిది. గాలి తగిలినా, నీళ్ళు తగిలినా లోపలికి తిరుగుతుంది. లోపలికి తిరిగితే మనిషి దక్కదు. అది అక్కడి నమ్మకం. పైగా ఉప్పలమ్మ అప్పటికే కడవెడు నీళ్ళు పోసుకుంది. అందుకే వెంకమ్మ ఆమెను లోపలి గదిలో, ధాన్యం గుమ్మి పక్కన పడుకోబెట్టి, తడిక మూసి, గొంగడి కప్పింది. తాగడానికి చల్ల, కప్పుకోవడానికి గొంగడి. తల్లి మర్యాదల్లో ఈ రెంటికీ పొత్తు కుదరదని ఎవరికీ తట్టలేదు.

పొక్కులు తేలలేదు. ఎలా తేలుతాయి? కానీ తేలిన పొక్కులు ఎండితేనే నీళ్ళు పోస్తారు. నీళ్ళు పోస్తేనే తల్లి వెళ్ళినట్టు. అసలు తేలనివి ఎండేదెప్పుడు? రోజులు గడిచేకొద్దీ వెంకమ్మ భయం పెరిగింది, గొంగడి మీద రెండో గొంగడి చేరింది. మధ్యలో సంస్థానం టీకా బాబు ఊళ్ళోకి వచ్చాడు. టీకా వేయించుకుంటే తల్లికి కోపమని ఆ కాలంలో చాలామంది నమ్మిక. ఊరంతా పిల్లల్ని తీసుకుని అడవిలోకి పరుగెత్తింది. ఉప్పలమ్మ మీద మాత్రం గడ్డి మోపులు పేర్చి దాచారు. ఆ బాబు చూసి ఉంటే చాలు, ఇది మశూచి కాదని చెప్పి ఉండేవాడు. అతని చెప్పుల చప్పుడు గోడ అవతల వినిపించి, దూరమై, ఆగిపోయింది.

“అయ్యా,” అని ఉప్పలమ్మ తడిక సందులోంచి మొగుణ్ణి పిలిచింది. “నాకు తల్లి లేదు, గిల్లి లేదు. రెండు కడవలు పొయ్యి. నీ పిల్లల మీద ఒట్టు.”

అప్పయ్య లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. “అమ్మా, తల్లి నీళ్ళడుగుతాంది.”

“అడుగుతది. పరీక్ష పెడ్తది. నువ్వు దూరం జరుగు,” అంది వెంకమ్మ.

అప్పుడు అర్థమైంది ఉప్పలమ్మకు. ఆమె అరిస్తే తల్లి అరిచినట్టు. ఏడిస్తే తల్లి అలిగినట్టు. ‘నేను ఉప్పలమ్మను’ అంటే తల్లి ఆటలాడినట్టు. ఆ ఇంట్లో ఉప్పలమ్మ మాట వినడానికి ఎవరూ మిగల్లేదు. ఆమె కూడా నమ్మిక గలదే. చేతులు తడుముకుని, “ఒక్క పొక్కు పొయ్యి తల్లీ, ఒక్కటి చాలు,” అని మొక్కింది. ఏ మనిషి కోరుకుంటాడు మశూచిని! రేగుముల్లుతో గుచ్చుకుని పొక్కు తెప్పిద్దామా అని కూడా ఆలోచించింది. ముల్లు తెచ్చిచ్చే వాళ్ళు లేరు.

ఊపిరి ఆడక, ఒంటి వాసన తనకే వెగటై, ఇక చచ్చిపోతాననిపించిన ఒక మధ్యాహ్నం ఆమె లేచి కూర్చుంది. జుట్టు విరబోసుకుంది.

“వెంకీ!”

అత్తను పేరు పెట్టి పిలవడం జన్మలో అదే మొదలు. గొంతు తనది కానట్టే వినిపించిందట.

వెంకమ్మ పరుగెత్తుకొచ్చి గడప దగ్గర సాగిలపడింది.

“నీ కోడల్ని మస్తు సతాయించిన. ఇగ పోతా. నీళ్ళు పొయ్యి.”

“ఒక్క పొక్కు లేకపాయె గద తల్లీ. ఇప్పుడే నీళ్ళెట్ల?”

“ఎప్పుడు పోవాల్నో నాకు తెల్వదా? నువ్వు చెప్తవా?”

వెంకమ్మ లేచింది. కడవ వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కొచ్చి కూర్చుంది.

“పోస్త. ఒక్కటి చెప్పి పో. నందణ్ణి, సోమక్కను ఎందుకు తీస్కపోయినవ్?”

వాళ్ళిద్దరూ అప్పయ్య కంటే ముందు పుట్టిన పిల్లలు. తల్లి పోసి ఒకరి వెంట ఒకరు పోయారని ఉప్పలమ్మ విన్నది. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

“నేను నీళ్ళు పోసినందుకే గద?” అంది వెంకమ్మ. “మండుతాందమ్మా, మండుతాందమ్మా అని ఏడ్సిన్రు. మా అత్త వద్దన్నది. ఆమె వాగుకు పోయినప్పుడు పోసిన. సల్లగుందమ్మా అని నవ్విండు నందడు. తెల్లారి లేడు. తర్వాత పిల్ల. నేనే సంపుకున్న గద తల్లీ? ఎవలకీ చెప్పలే. చెప్పు.”

గొంగళ్ళు ఎందుకో, మూసిన తడిక ఎందుకో ఉప్పలమ్మకు ఆ క్షణాన తెలిసింది. ఆమెకు నీళ్ళు కావాలి. అవునంటే ఆ కడవ ఇక కదలదు. కాదంటే, చనిపోయిన పిల్లల గురించి ముత్యాలమ్మ నోటితో తాను అబద్ధమాడినట్టు. సరిగ్గా అప్పుడే రొమ్ముల కింద నిప్పు రాజుకుంది.

“నీళ్ళ వల్ల కాదు వెంకీ,” అంది. “ఆళ్ళ మీద నాకు మనసైంది, తీస్కపోయిన. నువ్వు పొయ్యకున్నా తీస్కపోదును. నీ నీళ్ళకు ఆళ్ళు సల్లబడి వచ్చిన్రు.”

వెంకమ్మ గొంతులోంచి సన్నని కూత ఒకటి బయటపడింది. లేచి గొంగడి లాగిపారేసి, కోడలి నెత్తి మీద తన చేత్తో నీళ్ళు పోసింది. ఒక కడవ. ఇంకో కడవ. ఉప్పలమ్మ నోరు తెరిచి పోయించుకుంది, కళ్ళు తెరిచి పోయించుకుంది.

సాయంత్రానికి వేపమండలు పొలిమేర దాటించారు. కోడిని కోశారు. తల్లి వెళ్ళింది.

వేడి వెళ్ళలేదు. మూడో పొద్దుకే మళ్ళీ వచ్చింది. ఉప్పలమ్మ అప్పుడు పొయ్యి ముందు కూర్చుని ఉండడంతో ఆ చెమట సెగ వల్లే అనుకున్నారు, బతికిపోయింది. వెళ్తానని చెప్పిన తల్లి వెళ్ళలేదని వెంకమ్మకు తెలిస్తే, ‘నీళ్ళ వల్ల కాదు’ అని ఆ నోరు పలికిన మాట కూడా అబద్ధమే అవుతుంది. వెంకమ్మ ఇప్పుడు రాత్రిళ్ళు గుర్రు పెట్టి నిద్రపోతోంది. దారిన పోయేవాళ్ళను ఆపి, “మా నందడున్నడే,” అని మొదలుపెడుతోంది.

వానలు పడ్డాయి. నాట్లలో ఉప్పలమ్మ పక్క సాలులో ఇర్మె అనే దోర్ల మనిషి ఉంది, దాదాపు ఈమె ఈడుదే. ఉప్పలమ్మ వంగినదల్లా మడిలో ముఖం ముంచింది.

“ఏంది వదినా, బురద తింటున్నవా?”

“ఒళ్ళు మండుతాంది.”

“ముట్టు ఆగిందా?”

“ఆగింది.”

ఇర్మె పెద్దగా నవ్వింది. “గంతే! నాకు గట్లనే. ఏ తల్లీ లేదు నీ ఒంట్ల.”

ఉప్పలమ్మ చేతిలో నారు నీళ్ళలో పడిపోయింది. “నీకా మంట ఎప్పుడు పోయింది?”

“పోయిందని నీకెవరు చెప్పిన్రు?” ఇర్మె వెనక్కి తిరిగి వీపు చూపించింది. వాన లేని పూట అది, వీపంతా చెమట కారుతోంది. “మీ ముసల్దానికి చెప్తా ఆగు. గొంగట్ల పెట్టి ఉడకబెట్టింది నిన్ను. సిగ్గుపడాలె.”

“నీ కాళ్ళు మొక్కుత. మా అత్తకు చెప్పకు.”

“ఎందుకే? చెప్తే నీకే సుఖం గద?”

ఉప్పలమ్మ వంగి, నీళ్ళలో పడ్డ నారు ఏరుకుంది. ఇర్మె ఆమె ముఖంలోకి చూసి, తల తిప్పుకుని నాటుకుంటూ పోయింది.

పొద్దు వాలేవేళ ఉప్పలమ్మ ఇల్లు చేరింది. వెంకమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ, పక్కన చోటిచ్చింది. “కూసో. నందడు ఇప్పపూలు దొంగతనంగ నమిలేటోడు తెల్సా? నమిలి నమిలి ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయేటోడు. ఒకనాడు ఊరంతా ఎతికినం...”

ఉప్పలమ్మ కూర్చుంది. రొమ్ముల కింద మొదలైంది. మెడకు పాకింది. చెయ్యి చాపితే కడవ అందుతుంది. లేచి పోసుకుంటే ముసలిది తలెత్తి చూస్తుంది. కొంగుతో విసురుకున్నా చూస్తుంది. చెమట కనుబొమల మీది నుంచి కళ్ళలోకి దిగి మండుతోంది.

“తర్వాతేమైంది అత్తా?” అంది ఉప్పలమ్మ, ముఖం తుడుచుకోకుండా.