బుడ్డలు ఒలుస్తూ సరోజక్క చెప్పిన ఇంగ్లీషు

మా చిన్నప్పుడు విత్తే వాన ఇంకా పడకముందే, తనకల్లు పక్కన మా ఊళ్లో ఇంటింటి ముందరా బుడ్డల గంపలు దిగేవి... విత్తనానికి వేరుశనగ కాయలు చేత్తోనే ఒలవాలి. పప్పు మీద ఎర్రపొర చిట్లితే మొలక సరిగా రాదు. అందుకే ఈరోజు మా ఇల్లు, రేపు మీ ఇల్లు అని ఆడోళ్లంతా గుండ్రంగా నేల మీద కూర్చొని ఒలిచేవాళ్లు. చేతులు ఆగేవి కావు... నోళ్లు అసలే ఆగేవి కావు!

ఆ రోజు మా పెద్దనాయన ఇంటి వంతు. ఆయన కూతురు సరోజక్క ముఖంలో మాత్రం ఒకటే దిగులు. తెల్లారితే కదిరిలో ఒక ప్రైవేటు బడికి పోయి ఇంగ్లీషు పాఠం చెప్పి చూపించాలి. వాళ్లకు నచ్చితే టీచరు... లేకుంటే హిందూపురం దిక్కు బట్టల ఫ్యాక్టరీలో పని. ఇంట్లో మాట అయిపోయింది.

"మీకే చెప్తా, వినండి" అని అక్క అక్కడే మొదలుపెట్టింది. లుక్, సీ, వాచ్... మూడింటికీ మనకు 'చూడు' ఒకటే, అందుకే ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం అంది.

"చూసేదానికి మూడు మాటలు యాలమ్మీ వాళ్లకి? ఉండేది రెండే కండ్లు గదా!" అంది పక్కింటి నాగమ్మవ్వ.

"అట్ల కాదవ్వా. నాయన పొద్దున్నే లేచి పైకి తలెత్తేది లుక్. ఆకాశంలో వాన మోడం కండ్లబడితే సీ. పందులు పడకుండా చేను కాడ కనిపెట్టుకోని ఉంటాడే... అది వాచ్."

"అయితే మీ నాయనకు ఈ ఏడు లుక్కే గానీ సీ లేదు పో!"

అందరూ నవ్వినారు... పెద్దనాయన కూడా.

మరుసటి రోజు అక్కకు తోడుగా నేనూ పోయాను. బోర్డు ముందు నిలబడగానే అక్క ఆ మూడు మాటలూ రాసి, తుడిచి, మళ్లీ అవే రాసింది. హెడ్మాస్టరు గోడ గడియారం వైపు చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది... ఏమనుకుందో ఏమో, అక్క కొంగు నడుముకు దోపి, గంప ముందర కూర్చున్నట్టే నేల మీద కూర్చుండిపోయింది!

"ఏమమ్మా, టీచరు కింద కూర్చుంటే ఎట్ల?" అన్నాడాయన.

అక్క ఉలిక్కిపడి లేవబోయింది. అప్పటికే పిల్లలు బెంచీలు దిగొచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. "మోడం కోసం మీ ఇంట్లో తలెత్తి చూసేదెవరు?" అని మెల్లగా అడిగింది.

"మా నాయన!" "మా తాత!" "మా మేక గూడా మిస్!"

ఇంకేముంది... అక్క గొంతు గంట కొట్టేదాకా ఆగలేదు. అంత చక్కటి పాఠం నేను మళ్లీ వినలేదు.

"సోమవారం నుంచి రామ్మా... చాప మేమే వేయిస్తాం" అన్నాడు హెడ్మాస్టరు.

ఇప్పుడు విత్తనం మిషన్లో ఒలిచి మూటల్లో వస్తాంది. మాట మీద మాట వేసి మధ్యాహ్నమంతా నవ్వుకునే తీరిక ఎవరికుంది... నేను డిగ్రీలో చేరాక కొత్తగా మాటల పిచ్చి పట్టి డిక్షనరీ తిరగేస్తున్నా. లెండ్ అంటే అప్పివ్వడం, బారో అంటే అప్పు తీసుకోవడం అని చదివితే అర్థమైనట్టే ఉంటుంది, వాడబోతే మళ్లీ తారుమారు!

మీకూ ఇట్లా ఇంటి మాటల్తో పాఠం చెప్పినవాళ్లుంటే కింద రాయండి, చదువుకుంటా. నేనైతే రేపు పొద్దున్నే మొదటి బస్సుకు కదిరి పోయి, బడి మొదలయ్యేలోపు సరోజక్కనే అడగాలి...