తెరమీద మా మామ చావు

ముందే ఒప్పుకుంటున్నాను. నా నోట పడితే పిల్లి కూడా పులవుతుంది. మీరే కాస్త తగ్గించుకుని చదవండి.

మా మేనమామ ఇరవై ఏళ్లు పటాలంలో చేసి రాజపాళయం తిరిగొచ్చాడు. ఆయన మీసం ఎంత పొడవంటే, సేత్తూరు బస్సులో కండక్టరు దానికి వేరే అర టిక్కెట్టు కొట్టేవాడు. కొండ కింద షూటింగుకు వచ్చిన సినిమావాళ్లు ఆ మీసం చూసే వేషమిచ్చారు. తూటా తగిలి చచ్చే సిపాయి వేషం.

చోళపురంలో ఒక ముసలమ్మ ఉంది. ఆమె కొడుకుదీ మామదీ ఒకే పటాలం. కొడుకు పోయిన కబురు మామే తెచ్చాడు. "ఒక్క గుండు అమ్మా. కన్ను మూసి తెరిచేలోపల పోయినాడు. నొప్పే తెలీలేదు" అన్నాడు. ఆమె ఆ మాట పట్టుకునే బతికింది. నిజం మామ నాకొక్కడికే చెప్పాడు. పొద్దున తగిలితే, వెలుగు పోయేదాకా కొట్టుకున్నాడట.

"నా కొడుకు తోడివాడు సినిమా పడంలో వచ్చినాడంట, చూపించరా" అని ముసలమ్మ అడిగితే, మామకు చెప్పకుండా బండిమీద హాలుకు తీసుకెళ్లిన ఘనుణ్ణి నేనే.

తెరమీద మామ గంటసేపు చచ్చాడు. జనం ఈలలు వేశారు. చివరికి గడ్డిలో పడి, చెయ్యి మెల్లగా పైకి తెచ్చి, చెవితమ్మె పట్టుకుని నలుపుకుంటూ కన్ను మూశాడు.

ముసలమ్మ వక్క నమలడం ఆపింది.

"చిన్నప్పటినుంచీ మావానికి చెవి పట్టుకుంటేనే నిద్ర వచ్చేది" అంది. నాతో అన్నట్టు లేదు.

డైరెక్టరు చావమంటే, మామ తనకు తెలిసిన చావే చచ్చినట్టున్నాడు.

హాల్లోంచి తిన్నగా మామ ఇంటికి బండి పోనిమ్మంది. ఆయన వసారాలో మీసం దువ్వుకుంటున్నాడు.

"అట్లా చచ్చేదానికి ఎవురు నేర్పించినారు నాయనా?"

"డైరెక్టరు చెప్పినాడమ్మా."

"చెవి పట్టుకోమని కూడానా?"

మామ దువ్వెన కింద పెట్టాడు.

"మావానికి ఎంతసేపు పట్టింది?"

"ఇది సుమ్మా, ఉత్తుత్తి నటన అమ్మా. వాడు నొప్పి లేకనే పోయినాడు. నేను పక్కనే ఉంటిని గదా" అన్నాడు మామ. ఆమె "సరి" అని తలూపింది.

అర టిక్కెట్టూ, గంటసేపు చావడమూ మీరు ఈపాటికే తగ్గించుకుని ఉంటారు. నేను పూర్తిగా కల్పించింది మామ చెప్పిన ఆ జవాబు, ఆమె తలూపడం. ఆయన ఏమీ అనలేదు. ఆమె వచ్చి నా బండెక్కింది.

చోళపురం దగ్గరపడ్డాక వెనకనుంచి అడిగింది.

"మీ మామ నీకు చెప్పే ఉంటాడు. ఎంతసేపు?"

"అయిదు నిమిషాలు" అన్నాను. నా జన్మలో నేను తగ్గించి చెప్పింది అదొక్కటే.