డ్రైవర్ పోయింది

“దాన్ని ముట్టకు. డ్యూటీ నుంచి వచ్చినంక డ్రైవర్‌ను ఎక్కిస్త.”

“ఇంట్ల ఒక డ్రైవర్ ఉన్నడు, సాలదా?”

మా ఆయనా నేనూ చివరిగా అనుకున్న మాటలు ఇవే. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడిపేవాడు. ఆ రోజు మొదటి షిఫ్టులోనే గుండె ఆగిపోయింది. ముట్టొద్దన్న కంప్యూటర్ మూలన అట్లాగే ఉండిపోయింది.

అది లినక్స్ మీద నడిచే పాత కంప్యూటర్. తోటివాళ్లు రిటైరైతే వాళ్ల ఫోటోలు కలిపి వీడియోలు చేసి ఇచ్చేవాడు. బొమ్మ బాగా రావాలని కొత్తగా గ్రాఫిక్స్ కార్డు కొని పెట్టాడు. పెట్టినప్పటి నుంచి తెర నల్లగానే ఉంది. తన రిటైర్మెంటు కోసం ముందే చేసి పెట్టుకున్న వీడియో కూడా అందులోనే ఉంది. ఆయన గొంతు మిగిలింది అదొక్కటే. అప్పటికి నేనింకా చూడలేదు.

నెల మాసికం అయ్యాక ఆ పెట్టెను చీరగుడ్డలో చుట్టుకొని ఖని బజారులో రిపేరు షాపుకు పోయాను. షాపతను విప్పి చూశాడు.

“డ్రైవర్ పోయింది అక్కా. కొత్త డ్రైవర్‌ను ఎక్కియ్యాలె.”

ఒళ్లు మండింది. నా నుదురు చూసి కూడా ఆ మాట ఎట్లా వచ్చింది ఆ నోటికి?

“పోయిన సంగతి నాకెరుకే. కొత్తోన్ని తెమ్మని నిన్నడిగిన్నా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌ను కూడా డ్రైవర్ అనే అంటారని నెమ్మదిగా చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

“ఈ లినక్స్ లొల్లి మాతోని కాదక్కా. లోపల ఉన్నదంత తుడిచేసి వేరేది ఏస్త.”

తుడిచేస్తాడట. పలక తుడిచినంత సులువుగా అన్నాడు. పెట్టెను ఒళ్లో పెట్టుకొని ఆటోలో ఇంటికొచ్చాను.

మా ఆడబిడ్డ పెద్దపల్లిలో కంప్యూటర్ పని చేస్తుంది. ఆదివారం వచ్చింది. బొమ్మలు లేకుండా ఉత్త అక్షరాలతో నడిచే దారిలో లోపలికి పోయి, కార్డు కంపెనీవాళ్ల డ్రైవర్‌ను ఎక్కించింది.

“వదినె, కంప్యూటర్ దీన్ని రానిస్తలేదు. దస్కతు లేదంటున్నది.”

దస్కతు. ఆయన పోయినప్పటి నుంచి ఏ ఆఫీసుకు పోయినా అదే మాట. వేలిముద్ర వేస్తే ముఖం చిట్లిస్తారు. ఇప్పుడు ఇంట్లో పెట్టె కూడా దస్కతు అడుగుతుందా?

“కార్డు మనం కొన్నదే గదా? దాని డ్రైవర్ల ఏమున్నదో ఆ కంపెనోళ్లు ఎవ్వరికి చూపియ్యరంటివి. మరి దస్కతు ఎవ్వలు పెట్టాలె?”

“మనమే. ఒక పాస్‌వర్డ్ చెప్పు. ఎనిమిది అంకెలన్నా ఉండాలె.”

ఆయన డంపర్ నంబరు నాలుగంకెలే. దాన్నే పక్కపక్కన రెండుసార్లు పెట్టమన్నాను. కంప్యూటర్ ఆగి మళ్లీ లేస్తుంటే నీలం తెర వచ్చింది.

“జల్ది, వదినె. పది లెక్కవెట్టేలోపల పోతది.”

తను ఏదో మీట నొక్కి ఆ తెరను ఆపింది. అంకెలు నాకు వచ్చు. పాస్‌వర్డ్ అడిగితే, ఆయన ముట్టొద్దన్నదాన్ని ముట్టి, నేనే కొట్టాను. కంప్యూటర్‌కు నా దస్కతు అదే.

తెర వెలిగింది. వీడియోలో మెడలో దండతో డంపర్ పక్కన నిలబడి ఆయన మాట్లాడాడు. “మా ఇంటామెకు ఒక్కటే మాట. రేపటి సంది నన్ను పొద్దుగాల లేపకు.”

మా ఆడబిడ్డ ఏడ్చింది. నాకు మాత్రం కోపమే వచ్చింది. అనాల్సింది అనేసి ఎదురు మాట వినకుండా పోతే ఎట్లా?

నేను చెప్తుంటే ఇదంతా రాస్తున్నది మా ఆడబిడ్డే. ఇగో చెల్లె, షాపాయన మాట దగ్గర ‘పోయింది’ అని రాసినవా, ‘పోయిండు’ అని రాసినవా? మొదటి సంది ఒకసారి సదువు, వింట.